ఈశాన్యం చూసిన యాంటెన్నా

నలుపు తెలుపు టీవీ సెట్టు సగం వస్తువు. మిగతా సగం గాల్లో ఉండేది. దాన్ని పట్టుకోవడానికి శంషాబాద్ మిద్దెల మీద అల్యూమినియం గొట్టాల యాంటెన్నాలు లేచినప్పుడు వాటి ముఖం ఈశాన్యానికి తిప్పాల్సి వచ్చేది. ఇందులో వాస్తు ఏమీ లేదు. రామంతాపూర్ దూరదర్శన్ కేంద్రం అటువైపు, తిన్నగా కొలిస్తే సుమారు ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉంది. నలభై యాభై ఏళ్ల నాటి సెట్టును ఇంట్లో మళ్లీ బతికించాలంటే ఈ రెండు సగాలనూ బాగుచేయాలి. రెండోదే ఎక్కువ చిక్కు.

హైదరాబాద్‌లో టీవీ సెట్ల తయారీ, ప్రసార కేంద్రం కంటే ముందే మొదలైంది. అయ్యగారి సాంబశివరావు సారథ్యంలో 1967లో పుట్టిన ఈసీఐఎల్ అణు విద్యుత్ కేంద్రాల పరికరాలతో పాటు వాల్వులు లేని సాలిడ్ స్టేట్ టీవీని కూడా తయారు చేసింది. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాది పాటు ఏటీఎస్-6 ఉపగ్రహం ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 పల్లెలకు టీవీ చూపించిన సైట్ ప్రయోగానికి సెట్లు చేసిచ్చింది కూడా ఆ సంస్థే. హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977లో వచ్చింది. ఆ తర్వాత ‘ఈసీ టీవీ’ అనే పేరు మధ్యతరగతి ముందుగదుల్లోకి చేరింది. పోస్టాఫీసులో లైసెన్సు కట్టి చూసిన రోజులవి. సెట్టుతో పాటు ఆ లైసెన్సు పుస్తకం కూడా దొరికితే సేకరించేవారికి పండగే.

ఇప్పుడు ఇలాంటి సెట్లు అటకల మీద, జుమ్మేరాత్ బజార్‌లో, ఎర్రగడ్డ ఆదివారం సంతలో కనిపిస్తాయి. కొనేటప్పుడు చెక్క పెట్టె మెరుపు చూసి మోసపోకూడదు. పెట్టెను వడ్రంగి బాగుచేస్తాడు, పగిలిన పిక్చర్ ట్యూబును ఎవరూ బాగుచేయలేరు. ట్యూబు మెడ విరగలేదనీ, వెనక హై వోల్టేజీ పుట్టించే ఈహెచ్‌టి ట్రాన్స్‌ఫార్మర్ కరిగిపోలేదనీ చూసుకుంటే చాలావరకు ధైర్యం చేయవచ్చు.

ఇంటికి తెచ్చిన సెట్టును ఆత్రంగా ప్లగ్గులో పెట్టడం మొదటి తప్పు. ఏళ్ల తరబడి కరెంటు చూడని కండెన్సర్లు ఒక్కసారిగా 230 వోల్టులు తగిలితే షార్టయి, తమతో పాటు ట్రాన్స్‌ఫార్మర్‌నూ కాల్చేస్తాయి. ప్రమాదాలు ఇంకా ఉన్నాయి. పిక్చర్ ట్యూబుకు పక్కన రబ్బరు టోపీ కింద ఉండే కొన దగ్గర, సెట్టు నడుస్తున్నప్పుడు 15 వేల వోల్టులకు అటూఇటూగా ఉంటుంది. ఆపేశాక కూడా అది ట్యూబులో నిలిచి ఉండవచ్చు. దాన్ని బయటి నల్లపూత మీది భూమి తీగకు కలిపి, రెసిస్టర్ ద్వారా మెల్లగా దించాలి. ట్యూబు లోపల శూన్యం. 51 సెంటీమీటర్ల ట్యూబు ముఖం మీదే గాలి ఒత్తిడి ఒక టన్నుకు పైగా ఉంటుంది కాబట్టి రక్షణ కళ్లద్దాలు లేకుండా దాన్ని కదిలించకూడదు, మెడ పట్టుకుని ఎత్తకూడదు. పైగా చాలా సెట్లలో ఇనుప చాసిస్సే నేరుగా కరెంటు తీగకు కలిసి ఉంటుంది. ప్లగ్గు తిరగేసి పెడితే చాసిస్ అంతా షాకే. ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ లేనిదే బల్ల మీద పని మొదలుపెట్టకపోవడం మంచిది.

వెనక అట్ట విప్పితే ముందు కనిపించేది ఎలక్ట్రానిక్స్ కాదు, జంతుశాల. సాలెగూళ్లు, బల్లి గుడ్లు, ఎలుకలు కొరికిన తీగలు. ఎక్కువ వోల్టేజీ దుమ్మును లాక్కుంటుంది కాబట్టి ఈహెచ్‌టి చుట్టూ మసి లాంటి నల్లపొర పేరుకుపోతుంది. వానాకాలం తేమకు ఆ పొర తడిసి నిప్పురవ్వలు దూకుతాయి. మెత్తటి బ్రష్షుతో దులిపి, స్పిరిటు అద్దిన గుడ్డతో తుడిచి, రెండు మూడు రోజులు ఆరనివ్వాలి. చానల్ తిప్పే గుండ్రటి ట్యూనర్‌లోని పలకలకు కాంటాక్ట్ క్లీనర్ చాలు. కుట్టుమిషన్ నూనె పోస్తే అది దుమ్ముతో కలిసి ముద్దయిపోతుంది. సన్నని చెక్కపట్టీలను గుడ్డ మీద అంటించి చేసిన షట్టర్ తలుపులుంటే గుడ్డ మార్చి పట్టీలను అవే ఉంచడం ఉత్తమం.

అసలు వైద్యం కండెన్సర్లదే. ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్ లోపలి ద్రవం ఏళ్ల వేడికి ఆరిపోతుంది. మైనం పూసిన కాగితపు కండెన్సర్లు తేమ పీల్చి లీకవుతాయి. కొత్తవి కోఠీ గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. కొలత ఎంత ఉందో అంతే తీసుకోవాలి, వోల్టేజీ మాత్రం ఎక్కువున్నా ఫర్వాలేదు. పాత రూపం చెడగొట్టడం ఇష్టం లేనివారు పెద్ద అల్యూమినియం డబ్బాను కోసి, లోపల కొత్త కండెన్సర్ దాచి మూసేస్తారు. ఒకేసారి అన్నీ మార్చేస్తే ఎక్కడ తప్పు జరిగిందో తెలియదు. రెండు మూడు మార్చి, ఒకసారి పరీక్షించి ముందుకెళ్లే పాత మెకానిక్కుల పద్ధతే నయం. వాల్వులున్న సెట్లలో మరో మెలిక ఉంది. వాటి ఫిలమెంట్లన్నీ పెళ్లిపందిరి సీరియల్ బల్బుల్లా ఒకే వరసలో ఉంటాయి. ఒక్కటి తెగినా అన్నీ చీకటే, కాబట్టి ముందు మీటరుతో ఒక్కో వాల్వునూ చూడాలి.

మొదటిసారి కరెంటు ఇచ్చేది సీరీస్ బోర్డు మీదే. వంద వాట్ల పాతకాలపు బల్బును సెట్టుతో వరసలో కలిపితే, లోపల షార్టుంటే బల్బు నిండుగా వెలుగుతుంది, సెట్టు బతుకుతుంది. ఎల్ఈడీ బల్బు ఈ పనికి రాదు. అంతా బాగుంటే బల్బు ఒకసారి మెరిసి మసకబారుతుంది. అప్పుడు బల్బు తీసి నేరుగా కరెంటు ఇచ్చాక సన్నని కీచు వినిపిస్తే లైన్ విభాగం ప్రాణంతో ఉన్నట్టు. సెకనుకు 15,625 సార్లు గీతలు గీసే చప్పుడు అది. పిల్లలకు వినిపిస్తుంది, తాతయ్యలకు వినిపించదు. ఆ తర్వాత తెరే రోగం చెబుతుంది. నడుమ ఒక్క తెల్లగీతే వస్తే నిలువు విభాగం పోయింది. బొమ్మ అంచులు పాములా మెలికలు తిరిగి, పైకి కిందికి నల్లపట్టీ పాకుతుంటే ఫిల్టర్ కండెన్సర్ ఎండిపోయింది. వెలుగు పెంచేకొద్దీ బొమ్మ ఉబ్బి మసకబారితే హై వోల్టేజీ చాలడం లేదు. మనుషుల ముఖాలు వెండిపూత పూసినట్టు తేలిపోతుంటే ట్యూబు ముసలిదైంది. ఫిలమెంటు వోల్టేజీ కాస్త పెంచితే కొంతకాలం నడుస్తుంది గానీ పడుచుదనం రాదు. చచ్చిన ట్యూబు గాజులో సీసం ఉండవచ్చు కనుక చెత్తబండిలో వేయకుండా ఈ-వ్యర్థాలు తీసుకునేవారికి ఇవ్వాలి.

సెట్టు వెలిగాక తెర నిండా చీమలే. రామంతాపూర్ నుంచి ఆ సెట్టుకు అర్థమయ్యే అనలాగ్ ప్రసారం ఇప్పుడు లేదు. ఇంట్లోనే బుల్లి దూరదర్శన్ ఒకటి పెట్టుకోవాలి. సెట్‌టాప్ బాక్సు ఏవీ తీగల్ని ఆర్ఎఫ్ మాడ్యులేటర్ అనే చిన్న డబ్బాకు కలిపితే అది మూడో చానల్‌గానో నాలుగో చానల్‌గానో మార్చి ఇస్తుంది. అమెరికా పద్ధతి డబ్బా కొంటే శబ్దం రాదు. అక్కడ బొమ్మకూ శబ్దానికీ ఎడం 4.5 మెగాహెర్ట్జ్, మనకు 5.5. గుండ్రటి కేబుల్‌ను సెట్టు వెనకున్న రెండు మరల బిగింపుకు కలపడానికి చిన్న బాలన్ కావాలి. చాసిస్ షాక్ కొట్టే సెట్లకు లోపలికి నేరుగా ఏవీ తీగ లాగే ప్రయోగం వద్దు.

శంషాబాద్‌లో ఇంకో జాగ్రత్త తప్పదు. మాడ్యులేటర్‌కు యాంప్లిఫయర్, యాంటెన్నా తగిలించి ఇంటి నిండా ప్రసారం చేద్దామనే సరదా చట్టవిరుద్ధం. విమానాశ్రయం పక్కన ప్రమాదం కూడా. నాలుగో చానల్ బొమ్మ 62.25 మెగాహెర్ట్జ్ మీద నడుస్తుంది. నాసిరకం డబ్బా దాని రెట్టింపును, అంటే 124.5ను కూడా వదులుతుంది. పైలట్లు కంట్రోల్ టవర్‌తో మాట్లాడే 118–137 పట్టీ నడుమ పడుతుందది. మూడో చానల్ రెట్టింపు 110.5. రన్‌వేకు దారి చూపే సంకేతాలు ఆ చుట్టుపక్కలే ఉంటాయి. అందుకే తీగ దాటి సంకేతం బయటికి పోకూడదు. పాత రోజుల్లో ఇబ్బంది తిరగబడి ఉండేది. విమానం తలమీదుగా వెళ్తే దాని ఒంటికి తగిలి వచ్చిన సంకేతం అసలుదానితో పోటీపడి బొమ్మ వణికేది. అది అప్పట్లో విమానాశ్రయం ఉన్న బేగంపేట పరిసరాల బాధ. శంషాబాద్‌కు 2008 మార్చిలో విమానాలొచ్చేసరికి మిద్దెల మీద యాంటెన్నాలు డిష్షులకు చోటిచ్చేశాయి.

చివరి సర్దుబాటు సెట్‌టాప్ బాక్సులో. బొమ్మ ఆకారాన్ని 4:3కి మార్చకపోతే మనుషులు సన్నగా సాగిపోతారు. రంగుల ప్రసారం నలుపు తెలుపుల్లో చక్కగానే వస్తుంది. పాత సెట్లు బొమ్మ అంచుల్ని కొద్దిగా ఫ్రేము వెనక్కి తోసేలా అమర్చినవి. అందుచేత వార్తా చానల్ పెడితే అడుగున పరుగెత్తే అక్షరాల పట్టీ కొంతవరకు చెక్క వెనకే ఉండిపోవచ్చు.