నురుగు రాని పొడి

పాత్రలు కడుగు యంత్రమునకు అమెరికాలో జోసఫీన్ కాక్రేన్ అను ఆమె 1886లో పేటెంటు పొందినది. నేడు మన పట్టణములలోను కొన్ని ఇండ్లలో అట్టి యంత్రము లున్నవి. అందులో వేయు పొడిని మొదటిసారి బకెట్టు నీటిలో కలిపి చూచినవారు అది నాసిరకపు సరకని తలచుట కద్దు. ఏలయన నురుగు రాదు. నురుగెంతయో శుభ్రత అంత అనుకొనుట మన అలవాటే గాని రసాయనశాస్త్రము కాదు. యంత్రములో నీటిధారలను చిమ్ముచు తిరుగు బాహువులకు నురుగు అడ్డు వచ్చును గనుక, నురుగు తక్కువగా నిచ్చు పదార్థములనే ఎంచి ఈ పొడిలో చేర్చుదురు.

చేయి పెట్టి తోమువారు లేనిచోట రసాయనములే పని చేయవలెను. ఇందులోని చాకలిసోడా, అనగా సోడియం కార్బొనేటు, జిడ్డును విడదీయును. పల్లెలలో బూడిదతో గిన్నెలు తోమినపుడును, చౌడుతో బట్టలు ఉడికించినపుడును పనిచేసినది ఇట్టి క్షారమే. సోడియం పెర్కార్బొనేటు నీటిలో హైడ్రోజన్ పెరాక్సైడును విడిచి, మరకల రంగును పోగొట్టును. సామాన్యముగా ఎంజైములును ఉండును. వానిలో ఒకటి మాంసకృత్తులను, మరియొకటి పిండిపదార్థమును తునకలు చేయును. కఠినజలమును మెత్తపరచుటకు పూర్వము ఫాస్ఫేటులు కలిపెడివారు. అవి చెరువులలో నాచును పెంచుటచే యూరపులో 2017 నుండి వానికి పరిమితి విధించిరి.

అన్నము అడుగంటిన స్టీలు గిన్నెలో 50 డిగ్రీల వేడిగల నీరు పోసి, చెంచాడు పొడి వేసి రాత్రియంతయు ఉంచిన, ఉదయమునకు మాడు మెత్తబడును. బొగ్గైపోయిన భాగము మాత్రము ఎంజైములకు లొంగదు. మరుగునీరు పోయరాదు. ఎంజైములును మాంసకృత్తులే గనుక ఆ వేడికి చెడిపోవును. టీ కప్పుల గోధుమరంగు మరకకు నీరు ఇంకను వేడిగా నున్నను చింత లేదు, అక్కడ పనిచేయునది పెరాక్సైడు. ఫ్లాస్కును ఇట్లే కడుగవచ్చును గాని మూత బిగింపరాదు. వెలువడు ఆమ్లజని లోపల పీడనమును పెంచి ఫ్లాస్కును పగులగొట్టగలదు. ఏ పాత్రనైనను తరువాత మంచినీటితో పలుమార్లు తొలుపవలెను.

సత్తు గిన్నెలకు ఈ పొడి పనికిరాదు. క్షారము అల్యూమినియముపై నున్న ఆక్సైడు పొరను కరగించి గిన్నెను నల్లబరచును. పట్టు, ఉన్ని మాంసకృత్తులతో నైనవే గనుక గ్రుడ్డు మరకకు పట్టిన గతియే పట్టుచీరకును పట్టును. ఉపాధ్యాయులు ఉడికిన గ్రుడ్డు తెల్లసొన ముక్కలను రెండు గ్లాసుల గోరువెచ్చని నీటిలో వేసి, ఒకదానిలో మాత్రము పొడి కలిపి, మరునాడు విద్యార్థులకు చూపవచ్చును. చేతులకు తొడుగులు ఉండవలెను.

మరుగుదొడ్లు కడుగు ఆమ్లముతో దీనిని ఎన్నడును కలుపరాదు. కొన్ని పొడులలో క్లోరిన్ సమ్మేళనములుండును, ఆమ్లము తగిలిన విషవాయువు పుట్టును. బిళ్లల రూపమున వచ్చునవి పసిపిల్లలకు మిఠాయివలె కనిపించును. బిడ్డ మ్రింగినచో నోరు కడిగి వెంటనే వైద్యుని కడకు తీసికొనిపోవలెను. వాంతి చేయింపరాదు. పైకి వచ్చునపుడు క్షారము గొంతును రెండవమారు కాల్చును.