బంగారు సీమ నీళ్ళకు ఒక గీటురాయి

బంగారం కొనేటప్పుడు గీటురాయి మీద గీసి చూడనిదే మనవాళ్ళెవ్వరూ రొక్కం తీయరు. కోలారు బంగారు గనుల నీడన తరతరాలుగా బ్రతికిన కుటుంబాలకు ఈ సంగతి ఒకరు చెప్పవలసిన పని లేదు. ఐతే బంగారానికి చూపే ఈ జాగ్రత్తను మనం నీటి పథకాలకు చూపుతున్నామా అంటే, లేదనే చెప్పవలసి వస్తున్నది. ఫలానా నది నీళ్ళు మన ఊరికి వస్తున్నవంటే సంతోషిస్తాము. రాకపోతే ప్రభుత్వాన్ని నిందిస్తాము. పథకం వేసినవారు ఏ లెక్కను పట్టుకొని వేసినారు, ఆ లెక్క నిలుస్తుందా అని అడిగేవారు బహు తక్కువ.

అట్లా అడగడానికి పెద్ద చదువులు అక్కరలేదు. ఆరువందల యాభై ఏళ్ళ క్రిందటనే తెలుగు సీమలో ఒక చెరువు దగ్గర రాతిమీద చెక్కించిన గీటురాయి ఒకటి ఉన్నది. దాని మీద మన కోలారు పథకాలను గీసి చూద్దాము.

పోరుమామిళ్ళ శాసనం

కడప సీమలోని పోరుమామిళ్ళలో విజయనగర ప్రభువు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఒక పెద్ద చెరువు కట్టించినాడు. 1369 నాటి సంస్కృత శాసనం ఆ సంగతి చెబుతున్నది. వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు రెండేళ్ళపాటు పని చేసినట్లు అందులో ఉన్నది. మనకు కావలసినది అంతకంటె విలువైన మరొక భాగం. మంచి చెరువుకు పన్నెండు అంగాలు, ఆరు దోషాలు ఆ శాసనంలో వరుసగా చెప్పినారు.

ధర్మబుద్ధి గల ప్రభువు, జలశాస్త్రం తెలిసిన విద్వాంసుడు, గట్టి బంకనేల, దూరంనుండి తియ్యని నీరు తెచ్చే నది, రెండు కొండల నడుమ పొట్టిగా గట్టిగా నిలిచే రాతికట్ట, లోతైన విశాలమైన గర్భం, దగ్గరలో రాతిగని, చదునైన సారవంతమైన పొలాలు, పనితెలిసిన కూలీల జట్టు - ఇట్లాంటివి అంగాలు. కట్టనుండి నీరు ఊరడం, చవుడు నేల, రెండు రాజ్యాల పొలిమేరలో ఉండడం, చెరువు నడుమ మిట్ట, నీరు తక్కువై సాగుభూమి ఎక్కువ కావడం, నీరు ఎక్కువై భూమి తక్కువ కావడం - ఇవి ఆరు దోషాలు.

ఈ ఆరింటిలో రెండు దోషాలను పాఠకులు ప్రత్యేకంగా జ్ఞాపకం పెట్టుకొనవలెను: పొలిమేర దోషం, తక్కువ నీటికి ఎక్కువ భూమి అనే దోషం. కోలారు సీమ నీటి కథ చాలావరకు ఈ రెండింటి చుట్టూనే తిరుగుతున్నది.

పుట్టినింట నిలువని నదులు

పాలారు, దక్షిణ పినాకిని, ఉత్తర పినాకిని, పాపఘ్ని, చిత్రావతి - ఇవన్నీ నందికొండల చుట్టుపట్ల పుట్టినవే. ఆడపిల్లలు అత్తింటికి వెళ్ళినట్లు ఒక్కొక్కటి ఒక్కొక్క దిక్కుకు వెళ్ళిపోతున్నవి. పుట్టినిల్లయిన ఈ సీమకు ఏడాది పొడుగునా పారే నది ఒక్కటీ లేదు. వానలు ఏటికి సుమారు 29 అంగుళాలు. అందుకే పూర్వులు పడిన చినుకును పడిన చోటనే ఆపినారు. ఉమ్మడి కోలారు జిల్లాలో నాలుగు వేలకు పైబడి చెరువులుండేవి. ఒక చెరువు మరువ పారితే ఆ నీరు క్రింది చెరువుకు చేరేటట్లు గొలుసుకట్టుగా వాటిని అమర్చినారు. 1860ల నాడు మైసూరు చీఫ్ ఇంజనీరుగా ఉండిన సాంకీ దొర, ఈ దేశంలో కొత్త చెరువుకు చోటు వెతకాలంటే ఎంతో తెలివి కావాలని అన్నాడు. అనగా పారే నీళ్ళన్నీ అప్పటికే ఎవరో ఒకరి లెక్కలో చేరినవన్నమాట.

ఆ గొలుసులో ఒక కొలికి బేతమంగళం చెరువు. పాలారు మీద ఉన్న ఈ చెరువు వెయ్యేళ్ళ పాతది; ఆ ఊరి పూర్వనామం విజయాదిత్యమంగళం. జాన్ టేలర్ కంపెనీ పాలనలో గనులు పెరిగి, 1902లో శివసముద్రంనుండి విద్యుత్తు వచ్చిన ఆ కాలంలోనే, బేతమంగళం నీటిని శుద్ధి చేసి గొట్టాల ద్వారా గనులకు తరలించే ఏర్పాటు జరిగినది. చిత్తూరు, ఉత్తరార్కాటు జిల్లాలనుండి పనికి వచ్చిన మనవారి పూర్వులు త్రాగినది ఆ నీళ్ళే. గనులలో సుమారు 3.2 కిలోమీటర్ల లోతుకు దిగిన ఊరు, నీటికి మాత్రం ఒక పాత చెరువును నమ్ముకొని బ్రతికినది.

గనులు 1956లో ప్రభుత్వపరమైనవి. 2001 ఫిబ్రవరి 28న మూతపడినవి. కంపెనీ పోయినా ఊరు పోలేదు. కాని చెరువుకు నీరు చేర్చే పై పరీవాహకంలో అప్పటికే చాలా మార్పు వచ్చినది. నీలగిరి తోటలు లేచినవి. బోరుబావులు వందల అడుగులు దిగి, కొన్నిచోట్ల వెయ్యి అడుగులు దాటినవి. వంకలు పూడినవి, నీరుగంటి ఉద్యోగం పేరుకు మిగిలినది. చెరువు ఎండితే ట్యాంకరే దిక్కయినది. లోతునుండి తోడిన నీటిలో ఫ్లోరైడు అనేక గ్రామాల పిల్లల పళ్ళను, పెద్దల కీళ్ళను పాడుచేసినది. త్రాగేనీటిలో అది లీటరుకు ఒక మిల్లీగ్రాము మించకూడదనీ, వేరే నీరు దొరకని చోట ఒకటిన్నర వరకు ఓర్చుకొనవచ్చుననీ మన దేశపు ప్రమాణం.

పొలిమేర దోషం

రెండు రాజ్యాల నడుమ నీరు ఎంత చిక్కు తెస్తుందో యర్‌గోళ్ ఆనకట్ట చెబుతుంది. బంగారుపేట తాలూకాలో, దక్షిణ పినాకినిలో కలిసే మార్కండేయ నది మీద దీనిని కట్టినారు. కోలారు, బంగారుపేట, మాలూరు పట్టణాలకు త్రాగునీరు ఇవ్వడం దీని ఉద్దేశం. ఈ నీరు దిగువన తమిళనాడుకు పోయేది కనుక ఆ రాష్ట్రం అభ్యంతరం చెప్పినది. దానికి ఆధారంగా చూపినది 1892 ఫిబ్రవరిలో మద్రాసు, మైసూరు ప్రభుత్వాలు చేసుకొన్న ఒప్పందం. ఆ ఒప్పందపు పట్టికలో పాలారు, దక్షిణ పినాకిని రెండూ ఉన్నవి. వాటిమీద మైసూరు కొత్త సేద్యపు జలాశయం కట్టాలంటే ముందుగా మద్రాసు సమ్మతి పొందవలెనని దాని సారాంశం.

2019 నవంబరులో సుప్రీంకోర్టు తమిళనాడు అర్జీని త్రోసిపుచ్చి, వివాదానికి ట్రిబ్యునలు మార్గం చూపినది. 2023 నవంబరులో ఆనకట్ట ప్రారంభమైనది. దాని నిలువ 50 కోట్ల ఘనపుటడుగులు. మురుగుకాలువలున్న పట్టణాలలో మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వవలెనని మన ఇంజనీర్ల ప్రమాణం. ఆవిరయ్యేది, కారిపోయేది మినహాయించకుండా లెక్కిస్తే, ఒక్కసారి నిండిన ఈ జలాశయం ఏడాదికి సుమారు రెండు లక్షల ఎనభై ఏడు వేల మందికి చాలుతుంది. చిన్న పథకమే గాని, లెక్క కంటికి కనబడేది. దిగువవారితో ముందే మాట్లాడి ఉంటే అది ఎంత త్వరగా పూర్తి అయి ఉండేదో పాఠకులే ఊహించుకొనవచ్చును.

తియ్యని నీరనే అంగం

రెండవది బెంగుళూరు వాడిన నీళ్ళ పథకం. కోరమంగళ-చల్లఘట్ట లోయలో శుద్ధి చేసిన మురుగునీటిని రోజుకు 44 కోట్ల లీటర్లు కోలారు చెరువులకు ఎక్కించడం దీని లక్ష్యం. 2018 జూన్‌లో లక్ష్మీసాగరం చెరువుకు తొలినీరు చేరినది. అక్కడనుండి పాత గొలుసుకట్టు వెంటనే చెరువునుండి చెరువుకు నీరు సాగుతుంది. ఏడాదికి లెక్కిస్తే ఇది అయిదున్నర టి.ఎం.సి. పైచిలుకు. ఒక టి.ఎం.సి. అంటే నూరు కోట్ల ఘనపుటడుగులు. వాన కురిసినా కురవకపోయినా పట్టణం నీరు వాడుతూనే ఉంటుంది కనుక ఈ పథకానికి నీరు తక్కువనే దోషం లేదు. చుట్టుపట్ల బావులలో నీటిమట్టం పెరిగినట్లు పరిశీలకులు కనుగొన్నారు.

కాని శాసనం కేవలం నీరు అనలేదు, తియ్యని నీరు అన్నది. 2018 జూలైలోనే నురుగు కనిపించి, విషయం హైకోర్టుకు, ఆపైన సుప్రీంకోర్టుకు వెళ్ళి, పంపులు ఆగి మళ్ళీ నడిచినవి. రెండు దశల శుద్ధి చాలదు, మూడవ దశ కావాలని రైతు సంఘాలు కోరుతూ వచ్చినవి. ఈ నీరు భూమిలోకి ఇంకడానికేగాని నేరుగా వాడడానికి కాదని ప్రభుత్వమే చెప్పినది. ఇంకిన నీరు రేపు మన బావిలోనే ఊరుతుంది గదా! అందుచేత ఆ కోరిక న్యాయమైనది.

తక్కువ నీరు, ఎక్కువ ఆశ

మూడవది అన్నిటికంటె పెద్దది, ఎత్తినహొళె. పడమటి కనుమలలో సకలేశపురం దగ్గర, నేత్రావతికి పారే సెలయేళ్ళ వాననీటిని ఎత్తి తూర్పుకు త్రిప్పే పథకమిది. 2014 మార్చిలో చిక్కబళ్ళాపురం దగ్గరి ముద్దేనహళ్ళిలో శంకుస్థాపన జరిగినది. ప్రకాశం ప్రాంతపు మోక్షగుండం నుండి వెళ్ళి స్థిరపడిన తెలుగు కుటుంబంలో విశ్వేశ్వరయ్యగారు పుట్టిన ఊరది. 24 టి.ఎం.సి.లు వస్తుందని లెక్క. అందులో 14 త్రాగునీటికి, తక్కినది చెరువులు నింపడానికి.

భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు అదే పరీవాహకాన్ని కొలిచి, దొరికేది సుమారు 9.55 టి.ఎం.సి. మాత్రమేనన్నారు. ఈ రెండు అంకెలలో ఏది నిజమైతే కోలారుకు ఎంత చేరుతుందో వేరే చెప్పనక్కరలేదు. కాలువ తోవలో ముందుండే జిల్లాలు తమ వాటా తీసుకొన్న తరువాతనే కదా మనది! 2012లో 8,323 కోట్ల రూపాయలన్న ఖర్చు 2023 నాటికి 23,251 కోట్లయినది. 2024 సెప్టెంబరులో మొదటి దశ ప్రారంభమైనప్పుడు ఆ నీరు కోలారును చేరలేదు.

నేటి గీటురాళ్ళు

ఇట్లాంటి చిక్కులు మనకే కాదు. అమెరికాలో 1936 నాటి వరద నివారణ చట్టం, ఎవరికి లాభం కలిగినా సరే, ఆ లాభాల మొత్తం ఖర్చును మించితేనే పని చేపట్టవలెనన్నది. ఆ లాభాలను ఎట్లా లెక్కించాలో 1950లో ఒక సూచిక తెచ్చి, అట్ట రంగును బట్టి దానిని పచ్చపుస్తకం అన్నారు. 1983లోను 2013లోను అటువంటి సూత్రాలను తిరగరాసి, డబ్బుతో పాటు నదినీ, బీదవారినీ కూడ లెక్కలో చేర్చినారు.

మనదేశంలోనూ సూత్రాలున్నవి. సేద్యపు పథకానికి నూరేళ్ళలో 75 ఏళ్ళు దొరికే నీటినే లెక్కించాలి. కరువు సీమలో 50 ఏళ్ళు దొరికినా చాలును. త్రాగునీటికి మాత్రం ఏ ఏడూ తప్పరాదు. రూపాయి పెడితే రూపాయిన్నర లాభం రావాలి. కరువు సీమకు రూపాయికి రూపాయి వచ్చినా చాలును. 1987 జాతీయ జలవిధానం త్రాగునీటికే మొదటి స్థానం ఇచ్చినది. సూత్రాలకు లోటు లేదు. కొరత ఎక్కడంటే, ముందు ఇంత కావాలని నిశ్చయించుకొని, తరువాత అంత నీరు ఉన్నట్లు కాగితం మీద చూపించడంలో.

కనుక మన వార్డు సభలోగాని గ్రామసభలోగాని కొత్త పథకం మాట వచ్చినప్పుడు నాలుగు ప్రశ్నలు అడుగుదాము. ఈ నీరు వానలు తప్పిన ఏడాది ఎంత వస్తుంది? దిగువవారితో మాట్లాడినారా? త్రాగడానికి తగునని ఎవరు, ఎన్ని నెలలకొకసారి పరీక్షిస్తారు? కట్టిన తరువాత పూడిక తీసి, గొట్టం బాగుచేసి కాపాడే నీరుగంటి ఎవరు, అతని జీతం ఎవరిస్తారు? ఈ నాలుగింటికీ అంకెలతో జవాబు చెప్పే పథకానికి సంతోషంగా చేయూతనిద్దాము. చెప్పలేనిదానికి శంకుస్థాపన పూలదండలు వేయకుండా కొన్నాళ్ళు ఆగుదాము.

ఈలోగా మన చేతిలోనే ఉన్న పని ఒకటున్నది. బేతమంగళం చెరువుకు వచ్చే వంకలు, మన మన ఊరి చెరువుల మరువలు, తూములు ఎట్లున్నవో ఒక ఆదివారం పిల్లలను వెంటబెట్టుకొని చూచి రావడం. పూడిన వంకను పంచాయతీకి వ్రాసి చూపడం. 2021 నవంబరు వానలకు ఈ సీమలో ఎన్నో చెరువులు అలుగులు పారినవి. పాలారులో పెద్ద వరదే వచ్చినది. అటువంటి ఏడు మళ్ళీ వచ్చినప్పుడు వంక తెరచి ఉంటేనే చెరువు నిండుతుంది.