అర మిల్లీమీటరు రంధ్రం, దాని నోటి ఆకారం

గ్యాస్ టర్బైన్‌లో మంట గది దాటి వచ్చే వాయువు వేడి ఇప్పుడు 1,600 డిగ్రీల సెల్సియస్ దాకా చేరింది. విద్యుత్ కేంద్రాల కోసం మిత్సుబిషి తయారుచేసే జె-శ్రేణి టర్బైన్లు ఈ వేడికి రూపొందించినవే. ఆ వాయువు మొదట తగిలేది టర్బైన్ ముందు వరసల్లోని రెక్కలకు. అవి సూపర్ అల్లాయ్ (ఎర్రగా కాలినా బలం కోల్పోని నికెల్ మిశ్రమ లోహం)తో పోసినవి. ఆ లోహం 1,300 డిగ్రీల ప్రాంతంలోనే కరగడం మొదలుపెడుతుంది. అయినా ఆ రెక్కలు వేల గంటలు పనిచేస్తున్నాయి. వాటిని కాపాడేవాటిలో ముఖ్యమైనవి వాటి ఒంటి మీదున్న సన్నని రంధ్రాలు. ఆ రంధ్రాలు ఏం చేస్తాయి, వాటి నోరు ఎందుకు విచ్చుకుని ఉంటుంది, ఆ ఆకారాన్ని లోహంలో తీయడం ఎందుకంత కష్టం అన్నవి వరసగా చూద్దాం.

ముందు, అంత వేడి ఎందుకు? టర్బైన్ గాలిని నొక్కి, అందులో ఇంధనం మండించి, ఆ వాయువు వ్యాకోచించేటప్పుడు పని రాబట్టుకుంటుంది. వాయువు ఎంత వేడిగా ఉంటే అదే ఇంధనం నుంచి అంత ఎక్కువ పని వస్తుంది. విమానానికైతే ఇంజిన్ బరువు పెరగకుండానే తోపు పెరుగుతుంది. అందుకే ఇంజనీర్లు దశాబ్దాలుగా ఈ వేడిని పెంచుకుంటూ వస్తున్నారు. లోహమూ మెరుగుపడింది. 1982లో ప్రాట్ అండ్ విట్నీ వారి జేటీ9డీ-7ఆర్4 ఇంజిన్‌తో సింగిల్ క్రిస్టల్ బ్లేడ్లు (లోపల అతుకు గీతలు లేకుండా ఒకే స్ఫటికంగా పోసిన రెక్కలు) ప్రయాణికుల విమానాల్లోకి వచ్చాయి. అయితే వాయువు వేడికీ లోహం ఓర్పుకూ మధ్య ఉన్న దూరాన్ని లోహం ఒక్కటే దాటలేదు. మిగతా దూరం దాటించినవి చల్లబరిచే పద్ధతులు, రెక్కల పైన వేసే పూతలు.

చల్లబరచడానికి వాడేది గాలే. కంప్రెసర్ నొక్కిన గాలిలో కొంత భాగాన్ని మంట గదికి పంపకుండా పక్కకు మళ్లించి, బోలుగా ఉన్న రెక్క లోపలికి ఎక్కిస్తారు. దాన్ని చల్లగాలి అంటాం గానీ, పెద్ద ఇంజిన్లలో నొక్కుడు వల్లే అది 600 డిగ్రీలు దాటి ఉంటుంది. 1,600తో పోలిస్తే అది చల్లనే. ఈ గాలి ఊరికే రాదు. దాన్ని నొక్కడానికి ఖర్చయిన శక్తిలో చాలా భాగం తిరిగి రాదు. ఆధునిక ఇంజిన్లలో లోపలికి వచ్చే గాలిలో సుమారు అయిదో వంతు ఇలా చల్లబరచడానికే పోతుంది. కాబట్టి డిజైనర్ ముందున్న ప్రశ్న ఒకటే. తక్కువ గాలితో ఎక్కువ లోహాన్ని ఎలా కాపాడాలి?

రెక్క లోపల తిరిగిన గాలి చివరికి పైగోడలోని రంధ్రాల గుండా బయటికి వస్తుంది. బయటికి వచ్చి లోహాన్ని అంటుకునే పారితే, వేడి వాయువుకూ లోహానికీ మధ్య ఒక పలుచని తెరలా నిలుస్తుంది. దీన్నే ఫిల్మ్ కూలింగ్ (చల్లగాలి పొరతో కాపాడటం) అంటారు. అంటుకుని పారితేనే లాభం. చిక్కంతా అక్కడే వచ్చింది.

మామూలు గుండ్రటి రంధ్రంలోంచి గాలి ధారగా దూసుకొస్తుంది. ఊపు కొంచెం ఎక్కువైతే ఆ ధార లోహాన్ని వదిలి పైకి లేస్తుంది. లేవడంతో ఆగదు. ధారకు రెండు పక్కలా ఎదురెదురుగా తిరిగే రెండు సుడులు పుడతాయి. ఆ సుడులు చుట్టూ ఉన్న వేడి వాయువును ధార అడుగుకు లాక్కొచ్చి లోహానికి తగిలిస్తాయి. అంటే గాలి ఎక్కువ పంపినకొద్దీ రక్షణ పెరగాల్సింది పోయి, ఒక హద్దు దాటాక తగ్గిపోతుంది.

బోరు పైపు నీళ్లు నేరుగా మడిలో పడితే పడినచోట గొయ్యి చేస్తాయి. అందుకే రైతు పైపు కింద తొట్టి కట్టి, ఊపు చచ్చాక నీటిని వెడల్పాటి కాలువలోకి వదులుతాడు. టర్బైన్ రెక్క మీద ఈ పని చేసేది విచ్చుకున్న నోరు. రంధ్రం మొదటి భాగం గుండ్రంగానే ఉంటుంది. ఎంత గాలి పోవాలో కొలిచేది ఆ భాగం. బయటికి వచ్చే ముందు రంధ్రం పక్కలకూ ముందుకూ విచ్చుకుంటుంది. దీన్ని డిఫ్యూజర్ (ప్రవాహ వేగం తగ్గించే విప్పారిన భాగం) అంటారు. వేగం తగ్గిన గాలి పైకి లేవదు, పక్కలకు పరుచుకుంటుంది. 1974లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి చెందిన గోల్డ్‌స్టైన్, ఎకర్ట్, వారితో కలిసి పనిచేసిన బర్‌గ్రాఫ్ ఈ తేడాను ప్రయోగం చేసి చూపించారు. ఇప్పటి ఆకారపు రంధ్రాలన్నిటికీ మూలం ఆ పనే.

ఇంజిన్ కంపెనీలు తమ రంధ్రాల కొలతలు బయటపెట్టవు. పరిశోధకులు ఒకరి ఫలితాలు ఒకరు పోల్చుకోవడానికి వీలుగా పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలో ష్రోడర్, థోల్ అనే ఇద్దరు 2014లో ఒక ఆకారాన్ని అందరికీ ఇచ్చారు. దాని పేరు 7-7-7. రెండు పక్కలకూ ఏడేసి డిగ్రీలు, ముందుకు మరో ఏడు డిగ్రీలు విచ్చుకోవడం అన్నమాట. రంధ్రం గోడ ఉపరితలానికి 30 డిగ్రీల వాలులో ఉంటుంది. దాని మొత్తం పొడవు వ్యాసానికి ఆరు రెట్లు.

ఈ ఆకారాన్ని అర మిల్లీమీటరు వ్యాసానికి కట్టి చూస్తే పని ఎంత సూక్ష్మమో అర్థమవుతుంది. రెక్క గోడ మందం ఒకటిన్నర మిల్లీమీటరు. 30 డిగ్రీల వాలులో తొలిస్తే రంధ్రం పొడవు 3 మిల్లీమీటర్లు. అందులో ఒకటింపావు మిల్లీమీటరు గుండ్రటి భాగం, మిగిలిన ఒకటి ముప్పావు విచ్చుకునే భాగం. నోటి దగ్గర వైశాల్యం గొంతు కన్నా రెండున్నర రెట్లు. ఏడు డిగ్రీల బదులు ఇరవై ఇస్తే ఇంకా మంచిది కదా అనిపించవచ్చు. కానీ అంత విప్పితే గాలి డిఫ్యూజర్ గోడను వదిలేస్తుంది. ఆ ఖాళీలోకి వేడి వాయువు దూరుతుంది. ఈ కొలతలతో ఒక్కో రెక్క మీద వందల రంధ్రాలు తీయాలి.

మామూలు డ్రిల్ బిట్ ఇక్కడ పనికిరాదు. సూపర్ అల్లాయ్ కోసేకొద్దీ గట్టిపడే లోహం. పైగా వంపు ఉపరితలం మీద 30 డిగ్రీల వాలులో అంత సన్నని బిట్ పెడితే జారుతుంది, లేదా విరుగుతుంది. అందుకే ఎక్కువగా వాడే దారులు రెండు. ఒకటి నిప్పురవ్వ, రెండోది లేజర్.

నిప్పురవ్వ పద్ధతికి పేరు ఈడీఎం (విద్యుత్ రవ్వలతో లోహాన్ని కొద్దికొద్దిగా తినివేయడం). 1943లో సోవియట్ యూనియన్‌లో లాజరెంకో దంపతులు, బోరిస్, నటాలియా, దీన్ని పట్టుకున్నారు. నిజానికి వాళ్లకు అప్పగించిన పని వేరు. విద్యుత్ స్విచ్చుల కాంటాక్టులు రవ్వల వల్ల అరిగిపోకుండా చూడమన్నారు. ఆ అరుగుదలనే పనిముట్టుగా మార్చవచ్చని వాళ్లు గ్రహించారు. హైదరాబాద్ బాలానగర్ టూల్‌రూముల్లో డైలు చేసేవారికి ఈ యంత్రం రోజూ చేతిలో ఉండేదే. రెక్కల పనిలో సన్నని ఇత్తడి గొట్టాన్ని ఎలక్ట్రోడ్‌గా వాడతారు. గొట్టం లోహాన్ని తాకదు. వెంట్రుకవాసి ఎడంలో ఆగుతుంది. మధ్యలో శుద్ధి చేసిన నీరు పారుతుంటుంది. సెకనుకు వేల రవ్వలు దూకుతాయి. ప్రతి రవ్వ దగ్గరా ఒక సూక్ష్మమైన చుక్క లోహం కరిగి, ఆవిరై, నీటితో కొట్టుకుపోతుంది. గొట్టం కూడా అరుగుతుంది. ఎంత అరిగిందో యంత్రం లెక్కగడుతూ గొట్టాన్ని ముందుకు జరుపుతూ ఉండాలి. లెక్క తప్పితే రంధ్రం లోతు తప్పుతుంది.

విచ్చుకున్న నోటికి రెండు మార్గాలున్నాయి. ఆ ఆకారంలోనే చేసిన రాగి ఎలక్ట్రోడ్‌ను నేరుగా లోపలికి దించవచ్చు. దువ్వెన పళ్లలా వరసగా పేర్చిన ఎలక్ట్రోడ్లతో ఒకేసారి ఒక వరస రంధ్రాలు తీస్తారు. ఇది వేగం. కానీ పళ్ల మొనలు ఒక్కోటి ఒక్కోలా అరుగుతాయి. లేదంటే సన్నటి గొట్టంతో పొరలు పొరలుగా గీకుతూ నోటిని తీర్చాలి. ఇది నెమ్మది, కానీ ఆకారం ఎప్పుడు కావాలంటే అప్పుడు మార్చుకోవచ్చు.

ఈడీఎంకు ఒక హద్దుంది. విద్యుత్ పారని వస్తువును అది తొలవలేదు. ఇప్పటి రెక్కల మీద థర్మల్ బ్యారియర్ కోటింగ్ (వేడిని అడ్డుకునే జిర్కోనియా పింగాణీ పూత) ఉంటుంది. అది విద్యుత్తును పారనివ్వదు. ముందు రంధ్రాలు తీసి తర్వాత పూత వేస్తే, పూత రంధ్రం నోట్లోకి దిగుతుంది. పూత మందం మిల్లీమీటరులో పదో వంతు నుంచి అయిదో వంతు దాకా ఉండవచ్చు. రంధ్రమే అర మిల్లీమీటరు. అంత కష్టపడి తీర్చిన నోరు సగం పూడుకుపోయినట్టే. మళ్లీ ఒక్కో రంధ్రాన్నీ వెతికి తెరవాలి.

లేజర్‌కు ఈ బాధ లేదు. పూతనూ లోహాన్నీ కలిపి కోస్తుంది. పాత పద్ధతిలో మిల్లీసెకను పాటు సాగే బలమైన లేజర్ దెబ్బలతో సెకన్లలో రంధ్రం పడుతుంది. కానీ ఆ దెబ్బకు లోహం ఆవిరవడం కన్నా కరగడమే ఎక్కువ. కరిగిన లోహం గోడకు అంటుకుని గడ్డకడుతుంది. పూత అంచు లోహం నుంచి లేచిపోవచ్చు. ఎదుటి గోడ ప్రమాదం కూడా ఉంది. ఇటు గోడను చీల్చుకుని వెళ్లిన కాంతి బోలు రెక్క లోపలి అవతలి గోడను కాలుస్తుంది. అందుకే లోపల మైనం లాంటి పదార్థం నింపి తొలుస్తారు. ఇటీవలి లేజర్లు సెకనులో కోటో వంతుకన్నా ఎంతో తక్కువ కాలం వెలిగి ఆరుతాయి. వేడి పక్కకు పాకేలోపే దెబ్బ ముగిసిపోతుంది కాబట్టి గోడ శుభ్రంగా ఉంటుంది. బెర్నోల్డ్ రిషర్‌జాగెన్ 1990లలో స్విట్జర్లాండ్‌లో రూపొందించిన పద్ధతి మరోటి. అందులో సన్నని నీటి ధార లోపల లేజర్ కాంతి ప్రయాణిస్తుంది. నీరు కాంతికి దారి చూపుతుంది, గోడనూ చల్లబరుస్తుంది.

కరిగి గడ్డకట్టిన పొర సంగతి తేలిగ్గా తీసుకునేది కాదు. దీన్ని రీకాస్ట్ పొర (కరిగిన లోహం అక్కడికక్కడే మళ్లీ పేరుకున్న పొర) అంటారు. మందం మైక్రాన్లలోనే ఉంటుంది, కానీ పెళుసు. అందులో సన్నని నెర్రెలుంటాయి. తిరిగే రెక్క మీద టన్నుల కొద్దీ లాగుడు పడుతుంది. నెర్రె అక్కడి నుంచి లోపలి మంచి లోహంలోకి పాకగలదు.

రంధ్రం గోడ చెడితే ఏమవుతుందో చెప్పే ఘటన ఒకటుంది. అది చల్లబరిచే రంధ్రం కాదు, టర్బైనూ కాదు, కానీ పాఠం ఒకటే. 1996 జులై 6న అమెరికాలోని పెన్సకోలాలో డెల్టా సంస్థ ఎండీ-88 విమానం టేకాఫ్ కోసం పరుగెడుతుండగా ఎడమ ఇంజిన్ ఫ్యాన్ హబ్ (ముందు పంకా రెక్కలను పట్టి ఉంచే చక్రం) పగిలింది. ముక్కలు క్యాబిన్‌లోకి దూసుకొచ్చి ఇద్దరు ప్రయాణికులు చనిపోయారు. టైటానియం హబ్‌లో ఒక టై రాడ్ (బిగింపు కడ్డీ) రంధ్రాన్ని తొలిచేటప్పుడు దాని గోడ లోహం గుణం మారి గట్టిపడిందని, పగులు అక్కడే పుట్టిందని, తనిఖీల్లో అది దొరకలేదని దర్యాప్తులో తేలింది.

కొలతలో తప్పు ఇంత భయంకరంగా కనిపించదు, కానీ రోజూ నష్టం చేస్తుంది. అర మిల్లీమీటరు రంధ్రం ఒక మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు పెద్దదైతే దాని వైశాల్యం 21 శాతం పెరుగుతుంది. అంత గాలీ వృథా. ఇరుకైతే ఆ చోట లోహం వేడెక్కుతుంది. లోహం వేడి అనుకున్నదానికన్నా 30 డిగ్రీలు పెరిగితే రెక్క ఆయుష్షు సగానికి పడిపోవచ్చన్నది ఈ రంగంలో అందరూ వాడే లెక్క. పైగా పోత పోసిన ఏ రెండు రెక్కలూ అచ్చంగా ఒకేలా ఉండవు. పోతలో లోపలి పింగాణీ అచ్చు కాస్త పక్కకు జరుగుతుంది, గోడ మందం మారుతుంది. కాబట్టి యంత్రం ముందు ఆ రెక్కను కొలిచి, దానికి తగ్గట్టు దారి సరిచేసుకుని తొలవాలి. తొలిచాక రెక్కలోకి గాలి ఊది ఎంత పోతోందో చూస్తారు. కానీ మొత్తం గాలి సరిపోయినంత మాత్రాన ప్రతి నోరూ సరైన ఆకారంలో ఉందని కాదు. నోటి ఆకారాన్ని విడిగా కొలవాల్సిందే.

ఇదంతా మనకు ఇప్పుడెందుకు? మొదటి కారణం దుమ్ము. ఎడారి, పొడి నేలల దుమ్ము ఇంజిన్‌లోకి వెళ్లి, కరిగి, పూతను తినేస్తుంది, రంధ్రాలను మూసేస్తుంది. ఇండిగో, ఎయిర్ ఇండియా నడిపే ఎ320 నియో విమానాల్లో వాడే లీప్-1ఎ ఇంజిన్‌కు తయారీదారు సీఎఫ్ఎం మొదటి వరస టర్బైన్ రెక్కను మార్చి రూపొందించింది. వేడి, దుమ్ము ఎక్కువున్న చోట్ల మన్నిక పెంచడమే దాని ఉద్దేశం. 2024 డిసెంబరులో దానికి అనుమతి వచ్చింది.

రెండో కారణం మన ఇంజిన్ ప్రయత్నం. హైదరాబాద్‌లోని మిధాని సూపర్ అల్లాయ్‌లు తయారుచేస్తుంది. అక్కడి రక్షణ లోహ పరిశోధనశాల డీఎంఆర్ఎల్ సింగిల్ క్రిస్టల్ రెక్కలు పోసి, హెలికాప్టర్ ఇంజిన్ కోసం 60 రెక్కలను ప్రభుత్వ విమాన తయారీ సంస్థ హెచ్ఏఎల్‌కు అందించినట్టు 2021 ఏప్రిల్‌లో ప్రకటించారు. అంటే లోహం ఉంది, పోత ఉంది. ఆ తర్వాతి మెట్టే రంధ్రాలు, పూత. 2023 జూన్‌లో ఎఫ్414 యుద్ధ విమాన ఇంజిన్ తయారీ కోసం అమెరికా కంపెనీ జీఈ, హెచ్ఏఎల్ అవగాహన ఒప్పందం చేసుకున్నాయి. అలాంటి ఒప్పందాల్లో ఈ మెట్టు కూడా ఉందా అన్నదే అసలు ప్రశ్న.

7-7-7 కొలతలు ఎవరైనా చదువుకోవచ్చు. దాచి ఉంచేది వాటిని వేల రెక్కల మీద ఒక్క తీరుగా తీసే పద్ధతిని. ఏ రవ్వకు ఎంత కరెంటు, ఎలక్ట్రోడ్‌ను ఎన్ని రంధ్రాలకోసారి మార్చాలి, పూత ముందా రంధ్రం ముందా అన్న లెక్కలు కాగితం మీద కొనుక్కుంటే పూర్తిగా రావు. వందల రెక్కలు పాడుచేసి, కొలిచి, రాసుకుని నేర్చుకోవాలి. ఇంజిన్ సాంకేతికత బదిలీ గురించి ఇకమీదట వార్త చదివినప్పుడు, అందులో రెక్కల పోతతో పాటు రంధ్రాల మెషినింగ్, పూత, తనిఖీ కూడా ఉన్నాయో లేదో చూడండి. ఆ మూడూ లేని ఒప్పందంతో వచ్చేది ఇంజిన్ విడిభాగాలను బిగించే పని మాత్రమే.