పప్పు తేవచ్చు, చారు తేకూడదు: సీక్రెట్ రూల్ ఆట నడిపించడం ఎలా?

బస్సులో ఉన్నారు, సిగ్నల్ లేదు, ఊరు ఇంకా మూడు గంటల దూరం. పక్కన పదిమంది ఉన్నారు. ఏం చేస్తారు? ఈరోజు ఒక ఆట చెప్తాను. చీటీలు అక్కర్లేదు, ఫోన్ అక్కర్లేదు, ఒక్క రహస్యం చాలు.

మీరు లీడర్. "మనం పిక్నిక్‌కి వెళ్తున్నాం. నేను పప్పు తెస్తాను, చారు మాత్రం తేను. నువ్వేం తెస్తావ్?" అని మొదలుపెట్టండి. ఒక్కొక్కరూ అడుగుతారు. అన్నం? తీసుకురా. గారెలు? వద్దు. బొబ్బట్లు? ఓకే. చట్నీ? వద్దు.

రూల్ దొరికిందా? ఒక హల్లుకి అదే హల్లు ఒత్తుగా రావాలి. స్కూల్లో ద్విత్వాక్షరం అని చదివాం కదా, అదే. చట్నీలో ఒత్తు ఉంది కానీ ట కింద న ఒత్తు. అది సంయుక్తాక్షరం, అందుకే రాదు. ఊళ్లతోనూ ఆడొచ్చు. నెల్లూరు, చిత్తూరు ఓకే. కడప కాదు, కర్నూలు కూడా కాదు.

మరి తెలివైనవాళ్లు కూడా ఎందుకు ఇరుక్కుపోతారు? పీటర్ వాసన్ అనే బ్రిటిష్ సైకాలజిస్ట్ 1960లో ఒక ప్రయోగం ప్రచురించాడు. 2, 4, 6 అనే నంబర్లు ఇచ్చి, వాటి వెనకున్న రూల్ కనిపెట్టమన్నాడు. చాలామంది 8, 10, 12 లాంటివి అడిగి, "రెండేసి పెరగాలి" అని తేల్చేశారు. అసలు రూల్ ఏంటంటే, నంబర్లు పెరుగుతూ పోవాలి, అంతే! 1, 7, 50 కూడా సరైనదే. తమ ఊహ తప్పేమో అని పరీక్షించే నంబర్లు వాళ్లు అడగలేదు.

మన ఆటలోనూ ఇంతే. "తినే వస్తువులే" అనుకున్నవాళ్లు తిండి పేర్లే అడుగుతూ ఉంటారు. అప్పుడు లీడర్ ఆ ఊహని పగలగొట్టాలి: "ఇల్లు తేవచ్చు, ఇటుక తేకూడదు."

లీడర్‌కి మూడు జాగ్రత్తలు. ఒకటి, రూల్‌ని ముందే పది పదాల మీద చూసుకోండి. ఒక్క తప్పు జవాబిస్తే అందరి లెక్కా పోతుంది. పొరపాటైతే వెంటనే ఒప్పేసుకోండి. రెండు, కనిపెట్టినవాళ్లు రూల్ బయటికి చెప్పకూడదు. సరైన పదాలు చెప్తూ తమకు తెలుసని చూపించాలి.

మూడోది అసలైనది. చివరికి ఒకరిద్దరు మిగిలిపోతారు. తెలుగు రాయడం రాని కజిన్ కావచ్చు, చిన్న తమ్ముడు కావచ్చు. చుట్టూ అందరూ నవ్వుతుంటే వాళ్లకిది ఆట కాదు, అవమానం. ఇంకోసారి ఆడదామంటే రారు. అందుకే అక్కడ నవ్వు ఆపించి, క్లూ పెంచండి. ఈ రూల్ చెవికి కూడా అందుతుంది కాబట్టి, నొక్కి పలుకుతూ జంటలుగా చెప్పండి: "గుడ్డు తేవచ్చు, గుడి వద్దు. అత్త రావచ్చు, బావ రాకూడదు. మావయ్య అంటే ఓకే, మామ అంటే నో!"

వాళ్ల నోటితో వాళ్లే "ఓహో!" అనాలి. ఆ "ఓహో" చివరి మనిషికి కూడా దక్కితేనే మీరు ఆట బాగా నడిపినట్టు. ఉంటాను మరి, బై!