ప్రయాణకాలం ఎవరి ఖాతాలో? - కాలనీ జీవితం, మన కథ

ఈమధ్య ఒక కథల పోటీకి వచ్చిన ప్రతులు చదివే పని నామీద పడింది. చాలా కథలు నగర శివారు కాలనీల్లో నడుస్తున్నాయి. సంతోషించదగ్గ విషయమే. కాని ఆ కాలనీలన్నీ ఒకటే కాలనీ. పక్కింటివాడి పేరు తెలియదు, తలుపులు ఎప్పుడూ మూసే వుంటాయి, వూళ్ళో వేపచెట్టు కింద ఇలా వుండేదా అని కథానాయకుడు బాల్కనీలో నిలబడి నిట్టూరుస్తాడు. అంతటితో కథ అయిపోతుంది. తలుపులు ఎందుకు మూసి వున్నాయో, ఆ వేళకి ఇంట్లో వుండవలసిన మనుషులు ఎక్కడున్నారో ఒక్క కథకుడూ చెప్పలేదు. వాళ్ళు బస్సుల్లో వున్నారు.

ఒంటరితనం అనేది మనిషి స్వభావంలోంచి వూడిపడేది కాదు. దానికొక భౌతిక పునాది వుంది. కాలనీ గురించి రాయదలచుకున్నవాళ్ళు ముందు ఆ పునాదిని అర్థం చేసుకోవాలి. నేను ఇరవై యేళ్ళకు పైగా వుంటున్న కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీనే ఉదాహరణగా తీసుకుంటాను.

హైదరాబాదు పడమటి దిక్కున కూకట్‌పల్లి ఒకప్పుడు చెరువు, పొలాలు వున్న వూరు. 1960లలో బాలానగర్‌లో మందుల కర్మాగారం ఐ.డి.పి.ఎల్., విమానాల పరికరాలు చేసే హెచ్.ఎ.ఎల్., ఇంకాస్త ముందుకు రామచంద్రాపురంలో బి.హెచ్.ఇ.ఎల్. వచ్చాయి. సనత్‌నగర్‌లో ఆల్విన్ వుండనే వుంది. ఈ పరిశ్రమల మధ్య బొంబాయి రోడ్డు. ఆ రోడ్డు వెంబడి ప్రభుత్వ హౌసింగ్ బోర్డు కాలనీ కట్టింది. ఇళ్ళకు ఎల్.ఐ.జి., ఎం.ఐ.జి., హెచ్.ఐ.జి. అని పేర్లు పెట్టింది. అంటే తక్కువ ఆదాయం, మధ్య ఆదాయం, ఎక్కువ ఆదాయం. వర్గం అన్న మాట వినబడితే వులిక్కిపడేవాళ్ళు కూడా మా కాలనీలో “మాది ఎం.ఐ.జి.” అని ధీమాగా చెప్పుకుంటారు. మనిషి జీతాన్ని ఇంటి గోడ మీద నెంబరుతో సహా రాసిపెట్టిన వూరు ఇంకెక్కడ దొరుకుతుంది కథకుడికి?

తరవాతి చరిత్ర తెలిసిందే. ఆల్విన్ 1990లలో ముక్కలై ప్రైవేటు చేతుల్లో పడింది. ఐ.డి.పి.ఎల్. మూతపడింది. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ లేచింది. పని చోటు మారింది గాని ఇళ్ళు కదలవు కదా. ఎల్.ఐ.జి. ఇళ్ళలో చాలా భాగం కూలగొట్టి అంతస్తులు లేపి, వుద్యోగాల వేటకొచ్చిన కుర్రాళ్ళకూ ఆడపిల్లలకూ హాస్టళ్ళు చేశారు. తక్కువ ఆదాయంవాడి కోసం కట్టిన ఇల్లు ఈరోజు మంచానికి ఇంతని అద్దె రాబడుతున్నది. ఆ తక్కువ ఆదాయంవాడు ఏమయ్యాడు? ఇంకా పడమటికి జరిగాడు. 2007లో కూకట్‌పల్లితో సహా పన్నెండు పురపాలక సంఘాలను కలిపి గ్రేటర్ హైదరాబాదు చేశారు. శివారు నగరంలో కలిసింది, శివారు మనిషి మరికాస్త శివారుకు పోయాడు.

ఇప్పుడు అసలు విషయం. మా కింది వాటాలో వుండే ఆవిడ కోఠిలో ఒక బట్టల దుకాణంలో లెక్కలు రాస్తుంది. పొద్దున ఏడున్నరకు బయల్దేరుతుంది, రాత్రి ఎనిమిదిన్నరకు వస్తుంది. వెళ్ళడానికి గంటన్నర, రావడానికి గంటన్నర. రోజుకు మూడు గంటలు, నెలకు పాతిక పనిరోజుల లెక్కన డెబ్భై అయిదు గంటలు. ఎనిమిది గంటల పనిదినాలుగా మార్చి చూడండి: నెలకు తొమ్మిది రోజులకు పైమాటే. ఆ తొమ్మిది రోజులకు జీతం ఎవరిస్తున్నారు? ఎవరూ ఇవ్వడం లేదు. ఇవ్వకపోగా 2023 డిసెంబరు దాకా టిక్కెట్టు డబ్బులు కూడా ఆవిడవే. ఎనిమిది గంటల పనిదినం కోసం కార్మికులు ప్రాణాలిచ్చారని నేను మేడే నాడు పిల్లలకు పాఠం చెబుతాను. ఆ ఎనిమిది గంటలకు అటూ ఇటూ మూడు గంటలు చప్పుడు లేకుండా వచ్చి చేరిన సంగతి పాఠంలో లేదు.

ఇది నగరం పెద్దదవడం వల్ల సహజంగా వచ్చిన ఇబ్బందిగా కనిపిస్తుంది. కాదు. పని వున్న చోట నేల ధర పెరుగుతుంది. పెరిగిన ధర చెల్లించలేనివాడు దూరం పోతాడు. డబ్బుగా చెల్లించలేని అద్దెను అతను కాలంగా చెల్లిస్తున్నాడన్నమాట. దూరాన్ని తగ్గించే సాధనం ఏది వచ్చినా దాని ఫలితం ముందు నేలకే దక్కుతుంది. 2017 నవంబరులో మియాపూర్ నుంచి అమీర్‌పేట మీదుగా నాగోల్ దాకా మెట్రో రైలు మొదలైంది. మా వీధిలో అద్దెకుండే ఒక టైలరు మొదటి నెల చాలా సంబరపడ్డాడు. ఏడాది తిరిగేసరికి ఇంటాయన “మెట్రో పక్కనే కదా” అని అద్దె పెంచాడు. టైలరు నిజాంపేట దాటి లోపలికి వెళ్ళాడు. ఇప్పుడతను మెట్రో ఎక్కడానికి ఆటో ఎక్కాలి.

సొంత ఇల్లు వుంటే ఈ బాధ వుండదు గదా అంటారు. ఏంగెల్స్ 1872లో ఇళ్ళ సమస్య మీద రాసిన వ్యాసాల్లో దీనికి జవాబు చెప్పాడు. కార్మికుణ్ణి చిన్న ఇంటికి యజమానిని చేస్తే అతనికి స్వేచ్ఛ రాదు, ఆ చోటికి కట్టుబడిపోతాడని వాదించాడు. మా అపార్టుమెంటులో ఇరవై యేళ్ళ బ్యాంకు వాయిదాల మీద ఇల్లు కొన్నవాళ్ళు పదిమందికి తక్కువ లేరు. అందులో నేనూ ఒకణ్ణి. సమ్మె నోటీసు మీద సంతకం పెట్టవలసి వచ్చినప్పుడు ఒకటో తారీఖు వాయిదా గుర్తుకు రాని రోజు నాకు లేదు. మధ్యతరగతి పిరికిదని కథల్లో తేలిగ్గా రాసేస్తాం. ఆ పిరికితనానికి నెలకింతని ఒక అంకె వుందని, అది పాసుపుస్తకంలో కనబడుతుందని రాస్తే పాత్ర నిలబడుతుంది.

ఆడవాళ్ళ సంగతి వేరుగా చూడాలి. బస్సు దిగిన మగవాడు ఇంటికి వస్తాడు. బస్సు దిగిన ఆడది ఇంకో పనికి వస్తుంది. కింది వాటా ఆవిడ చిక్కుడుకాయలు ఈనెలు తీసేది 218 నెంబరు బస్సులో, సీటు దొరికిన రోజున. ఒళ్ళో సంచీ, కాళ్ళ దగ్గర కవరు. ఇది నేను కల్పించి చెప్పడం లేదు, చాలాసార్లు ఎదుటి సీట్లోంచి చూశాను. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్ళకు ఆర్టీసీ మామూలు బస్సుల్లో, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితమైంది. ఎగతాళి చేసిన పెద్దమనుషులు మా స్టాఫు రూములోనూ వున్నారు. కాని మా ఇంట్లో అంట్లు తోమే ఆమె అప్పటిదాకా నడిచి వెళ్ళగలిగినంత దూరంలోనే ఇళ్ళు ఒప్పుకునేది. ఇప్పుడు రెండు స్టేజీల అవతల ఎక్కువ జీతమిచ్చే ఇల్లు పట్టుకుంది, మాకూ జీతం పెంచమంది. పెంచాం. ఆమెకు డబ్బు మిగిలింది. కాలం మిగల్లేదు, ఇంకో ఇంటి అంట్లు అందులోకి వచ్చి చేరాయి. ఈ రెండూ నిజమే. ఒకటి చెప్పి రెండోది దాచే కథ నాకు పనికిరాదు.

2020లో జబ్బు వచ్చి బస్సులూ రైళ్ళూ ఆగిపోయిన నెలల్లో కొందరికి ఆ మూడు గంటలు తిరిగి వచ్చాయని అనిపించింది. కంప్యూటరు వుద్యోగులు ఇంట్లోంచే పని చేశారు. కంపెనీ ఆ కాలాన్ని వాళ్ళకు వుంచిందా అంటే, మా పై అంతస్తు కుర్రాణ్ణి అడగండి. రాత్రి పదకొండింటికి కూడా మీటింగు మాటలు వినబడేవి. అంట్లు తోమే ఆమెకూ టైలరుకూ ఆ నెలల్లో కాలం పుష్కలంగా వుంది, కూలి మాత్రం లేదు.

ఒక సంగతి చెప్పకుండా దాటవేస్తే ఇంతసేపు చెప్పిందంతా దొంగమాట అవుతుంది. మా అపార్టుమెంటు సంఘం సమావేశంలో, పనివాళ్ళు లిఫ్టు వాడకూడదని ఒకాయన తీర్మానం పెట్టాడు. కరెంటు బిల్లు అన్నాడు. నేను చెయ్యెత్తలేదు. అడ్డూ చెప్పలేదు. తీర్మానం నెగ్గింది. నాలుగో అంతస్తుకు ఆమె మెట్లెక్కి వస్తుంది. తరవాతి సమావేశంలో ఎత్తాను, ఇద్దరు కలిసొచ్చారు, చాలలేదు. బాల్కనీలో నిట్టూర్చే కథానాయకుడి మీద నాకు కోపం రావడానికి అసలు కారణం బహుశా ఇదే. అతను నిలబడ్డ బాల్కనీకి కింద, మెట్ల సందులో, ఒక గదిలో నలుగురు మనుషులతో వాచ్‌మన్ కుటుంబం వుంటుంది. పక్కింటివాడి పేరు తెలియదని అతను బాధపడతాడు. వాచ్‌మన్‌కు అందరి పేర్లూ తెలుసు. వాచ్‌మన్ భార్యకు ఎవరింట్లో ఏ రోజు గొడవైందో తెలుసు. ఆ గదిలోంచి చూస్తే కాలనీలో ఒంటరితనం అనేది కనబడదు, వేరేది కనబడుతుంది.

భాష సంగతి కూడా చెప్పాలి. పోటీకి వచ్చిన కథల్లో వాచ్‌మన్లందరూ ఒకే యాస మాట్లాడారు, అది సినిమా యాస. మా వీధి మలుపులో పొద్దున ఏడింటికి కూలీల అడ్డా వుంది. అక్కడ పాలమూరు నుంచి వచ్చినవాళ్ళున్నారు, శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్ళున్నారు. ఇద్దరూ ఒకే మేస్త్రీతో కూలి బేరమాడతారు, ఎవరి మాటలో వాళ్ళు. మేస్త్రీ ఇద్దరికీ అర్థమయ్యే మూడో తెలుగు మాట్లాడతాడు, అందులో వుర్దూ వుంటుంది, సిమెంటు పనిలోంచి వచ్చిన ఇంగ్లీషు వుంటుంది. ఆ బేరం పది నిమిషాలు నిలబడి వింటే చాలు. నేను బడికి పోయే బస్సు అక్కడే ఆగుతుంది కాబట్టి నాకు రోజూ వినబడుతుంది. రాయబోయేవాళ్ళు ఏడింటికల్లా వస్తే మంచిది, ఎనిమిదయ్యేసరికి అడ్డా ఖాళీ అయిపోతుంది.