కొబ్బరికాయ నిలబడితే నీళ్లు పడతాయా?

రాయ్‌పూర్ దాటి బిలాస్‌పూర్ రోడ్డు పట్టుకుంటే కాసేపటికే సిల్తారా వస్తుంది. స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీలు, రోలింగ్ మిల్లులు, పొగగొట్టాలు, వాటి మధ్య అక్కడక్కడా వరిమళ్లు. పైన కనిపించేదంతా ఇనుమే గానీ ఆ ప్రాంతం అడుగున పరుచుకున్నది సున్నపురాయి. పక్కనే ఉన్న మాంఢర్‌లో ఒకప్పుడు సిమెంట్ ఫ్యాక్టరీ నడిచింది ఆ రాయి ఉండబట్టే.

నల్గొండ జిల్లాలో బోరు పాయింట్లు చూడటంలో పేరున్న మనిషినొకర్ని తీసుకెళ్లి ఆ పొలాల్లో నడిపించామనుకోండి. అరచేతిలో కొబ్బరికాయను అడ్డంగా పెట్టుకుని నడుస్తాడు. కాయ లేచి నిలబడిన చోట ఆగి, గుర్తు పెట్టమంటాడు. అక్కడ ఆయన పేరు ఇంకా పెరుగుతుందని నా అంచనా. చేయి అదే, కాయ అదే, మారింది కాళ్లకింది రాయి.

నల్గొండ కింద ఉన్నది గ్రానైటు, నైస్ శిలలు. ఆ రాయి తనంతట తాను నీరు పట్టదు. పైన చివికిన పొరలోనో లోపలి పగుళ్లలోనో నిలిచిందే నీరు. పగులు తగిలితే రెండించుల ధార, నాలుగు బారలు పక్కకు జరిగితే ఉత్త దుమ్ము. ఏడాదికి కురిసేది సుమారు 750 మిల్లీమీటర్లు. రాయ్‌పూర్ వైపు సగటు వాన సుమారు 1,200 మిల్లీమీటర్లు. పైగా వాననీరు గాలిలోనూ మట్టిలోనూ ఉన్న కార్బన్ డయాక్సైడును కలుపుకుని పలచని ఆమ్లంగా మారుతుంది, సున్నపురాయి సందుల్ని తరతరాలుగా కరిగించి బొరియలు చేస్తుంది. మధ్యలో షేల్ పొర అడ్డొస్తే నీళ్లు తక్కువే. అయినా మొత్తం మీద కళ్లు మూసుకుని బోరు వేసినా తడి తగిలే అవకాశం అక్కడ ఎక్కువ. పాయింట్ చూసేవాడి గొప్పను లెక్కగట్టాలంటే ముందు తెలియాల్సింది ఇదే: ఆయన రాకుండా తవ్వి ఉంటే ఎన్ని బోర్లలో నీళ్లు పడేవి? ఊళ్లో ఈ లెక్క ఎవరూ రాయరు. నీళ్లు పడ్డ బోరు పదేళ్లపాటు కళ్లముందు పారుతుంది, పడని బోరు మీద రాయి పెట్టి మరిచిపోతారు.

భవిష్యం చెప్పే తక్కిన విద్యలకు ఇలాంటి పరీక్ష పెట్టడం కష్టం. ఎరుకలసాని చెప్పే సోదిగానీ, తమలపాకు మీద అంజనంగానీ, సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి గుడిలో బోనాల మర్నాడు పచ్చికుండపై నిలబడి వినిపించే రంగం గానీ, మాట నిజమైందో లేదో తేలడానికి నెలలు పడుతుంది. ఈలోగా మాటకు అర్థం కూడా సాగుతుంది. వానలు బాగా పడతాయంటే ఎంత బాగా? బోరు విషయంలో ఆ వెసులుబాటు లేదు. రిగ్గు లారీ వచ్చిన రాత్రే తేలిపోతుంది.

మరి కాయ ఎందుకు లేస్తుంది? నటన అనుకోనక్కర్లేదు, చాలామంది నిజంగానే నమ్మి చేస్తారు. కాయకు బదులు కొందరు పట్టే వేప పంగపుల్లను చూడండి. రెండు కొసలూ పిడికిళ్లలో పట్టి బయటికి వంచి బిగిస్తారు. ఆ వంపులో స్ప్రింగులో లాగా శక్తి దాగి ఉంటుంది. మణికట్టు గుర్తు తెలియనంత తిరిగినా మూడో కొస గభాలున కిందికి దూకుతుంది. చేసింది తన కండరాలేనని పట్టుకున్నవాడికే తెలియదు. గుండ్రటి అడుగు, లోపల తొణికే నీళ్లు ఉన్న కొబ్బరికాయకైతే అరచేయి కాస్త ముడుచుకుంటే చాలు. మనసులో అనుకున్నది మనకు తెలియకుండానే చేతికి చేరడాన్ని 1852లో విలియం కార్పెంటర్ ‘ఐడియోమోటార్’ చర్య అన్నాడు. అంతకుముందే 1833లో ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు షెవ్రోల్ తన చేతిలో ఊగే లోలకం కళ్లకు గంతలు కట్టుకుంటే ఆగిపోతోందని గమనించి రాశాడు.

ఈ విద్యకు జరిగిన అతిపెద్ద పరీక్షల్లో ఒకటి జర్మనీలో మ్యూనిక్ దగ్గర, 1987–88లో, ఒక కొట్టంలో. కింది అంతస్తులో నీటి గొట్టాన్ని బండి మీద పెట్టి ఇష్టమొచ్చిన చోటికి జరుపుతారు, పై అంతస్తులో కర్ర పట్టినవాడు దాని చోటు చెప్పాలి. సుమారు 500 మందిలోంచి ఏరిన 43 మందితో 843 సార్లు చూశారు. కొందరికి శక్తి ఉందని నిర్వాహకులే ప్రకటించారు. జిమ్ ఎన్‌రైట్ అనే శాస్త్రజ్ఞుడు 1999లో అవే అంకెలు తిరగేసి, పది మీటర్ల గీతకు నడుమ నిలబడి ప్రతిసారీ ‘ఇక్కడే’ అన్నవాడు కూడా దాదాపు అంతే దగ్గరికి వచ్చేవాడని తేల్చాడు.

కొట్టంలో లేనిదీ పొలంలో ఉన్నదీ ఒకటుంది, గుర్తులు. చెట్లు, పుట్టలు, గడ్డి పచ్చదనం, పక్కవాడి బావి. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో దకార్గళం పేరుతో ఒక అధ్యాయమంతా వీటికే ఇచ్చాడు. నేరేడు చెట్టు దగ్గర పుట్ట కనిపిస్తే నీరుందనడం అందులోదే. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి చెందిన ఇ.ఎ.వి. ప్రసాద్ ఆ అధ్యాయాన్ని భూగర్భ శాస్త్రం కళ్లతో చదివి 1980లో పుస్తకం తెచ్చారు. చెదపురుగులకు తేమ కావాలి కాబట్టి ఆ గుర్తుకు ఒక కారణముంది, తప్పైతే దిద్దుకునే వీలూ ఉంది. అనుభవమున్న పాయింట్ మనిషి కళ్లు ఇవన్నీ చదివేస్తాయి, పేరు మాత్రం కాయకు దక్కుతుంది.

అమెరికాలో వోగ్ట్, హైమన్ అనే ఇద్దరు 1959లో రాసిన పుస్తకంలో నీటి ఆచూకీ అంతుపట్టని ప్రాంతాల్లోనే కర్ర పట్టేవాళ్లకు గిరాకీ ఎక్కువని చూపారు. నల్గొండ జిల్లా ముసంపల్లిలో మనుషులకంటే బోర్లే ఎక్కువని 2004లో పి. సాయినాథ్ రాశారు. అన్ని బోర్లు ఎండాక ఇంకోటి ఎక్కడ వేయాలో రైతు ఒక్కడే తేల్చుకోవడం నరకం. ఆ బరువును కాయ మీదికి మార్చుకోవడం నాకు మూర్ఖత్వంగా తోచదు, ఖరీదైన ఊరటగా తోస్తుంది.

జియాలజిస్టు రెసిస్టివిటీ మీటరు కూడా తప్పుతుంది. నేలలో నాలుగు కడ్డీలు పాతి, బయటి రెండిటి గుండా కరెంటు పంపి, లోపలి రెండిటి మధ్య వోల్టేజి కొలుస్తారు. తడి రాయి కరెంటును తేలిగ్గా పోనిస్తుంది, కానీ బంకమట్టీ అంతే. సిల్తారా లాంటి చోట నేలలో పూడిన కేబుళ్లు, ఇనుప గొట్టాలు కొలతను ఇంకా చెడగొడతాయి. తేడా ఏమిటంటే ఆయన కొలత కాగితం మీద మిగులుతుంది, మరొకరు తప్పు పట్టవచ్చు.

పాయింట్ చూసేవాణ్ణి పిలిచినా పర్వాలేదు, పెట్టిన గుర్తులు చెరిపేసి, కళ్లకు గంతలు కట్టి అదే పొలంలో రెండోసారి నడిపించండి. రెండు గుర్తులూ కలుస్తాయో లేదో చూడండి. ఒప్పుకోకపోతే చుట్టుపక్కల బోర్ల వివరాలు రాసుకోండి, ఎండినవి కూడా: ఎన్ని అడుగుల్లో నీరు తగిలింది, ఏ రంగు పొడి వచ్చింది, ఎక్కడిదాకా కేసింగ్ దింపారు. ఆ కాగితం చేతికిస్తే జియాలజిస్టుకు సగం పని తగ్గుతుంది.