గోషాస్త్రీల ఛాయాచిత్రశాలయందలి వెలుఁగు

నిజాము రైలుమార్గము 1889వ సంవత్సరమున బెజవాడకుఁ జేరినది. ఆ మార్గపు టావలి దిక్కుననున్న హైదరాబాదునందు మూఁడేండ్లకు, అనఁగా 1892లో, గోషాస్త్రీలకై ప్రత్యేకముగా నొక ఛాయాచిత్రశాల వెలసెను. దీనిని స్థాపించినవాఁడు ఆఱవ నిజాము మహబూబ్ అలీఖానుని యాస్థాన ఛాయాచిత్రకారుఁడగు లాలా దీనదయాళు. నడపినది మాత్రము కెన్నీ-లెవిక్ దొరసాని. చుట్టును ఎత్తయిన గోడలు. లోపల నామెయు, ఆమెకుఁ దోడ్పడు దేశీయస్త్రీలును దక్క నన్యులు లేరని యానాఁటి వృత్తాంతములు తెలుపుచున్నవి.

ఆ గోడలు మర్యాదకొఱకుఁ గట్టినవే. అయినను వానివలన వెలుఁగునకుఁ గలుగు చిక్కు విచారింపఁదగినది. ఆకాలపు చిత్రశాలకు దీపము సూర్యుఁడే. సూటిగాఁ బడు నెండ ముఖమును మరకలు మరకలుగాఁ జూపును. కావున ఉత్తరాకాశపు చల్లని వెలుఁగును గాజుపలకలగుండ రప్పించుట యాచారము. చుట్టును గోడలు లేచినచోఁ బ్రక్కవెలుఁగు తగ్గి పైవెలుఁగు ప్రధానమగును. అప్పుడు కన్నులు గుంటలు వడినట్లుండును, ముక్కుక్రింద మీసమువంటి నీడ యేర్పడును. రాణివాసపు స్త్రీకి మీసము దిద్దిన పటము నెవరు మెత్తురు! కప్పుక్రింది తెఱలను జరపి వెలుఁగును దగ్గించుటయు, తెల్లని గుడ్డ బిగించిన చట్రమును ముఖమునకుఁ జేరువగా నిలిపి నీడలోనికి వెలుఁగును మరల్చుటయు దీనికిఁ బ్రతిక్రియలు.

రంగుల చిక్కు వేఱొకటి. ఆనాఁటి సామాన్యపు గాజుఫలకము నీలమును మిక్కిలిగా గ్రహించును. ఎఱుపు దానికిఁ గనఁబడదనియే చెప్పవచ్చును. కుంకుమబొట్టు కాటుకచుక్క యగును, పసుపు పూసిన మోము కమిలినట్లుండును, నీలిచీర వెలవెలఁబోవును. జరీయంచు మాత్రము తళుక్కుమనును. ఈ రెంటిని ఒక్క ఫలకముపై సరిపుచ్చుటకు మోమునకు వెలుఁగు నధికముగా నిచ్చి, జరీని కొంచెము నీడకుఁ ద్రిప్పవలెను. అందులకుఁ గూర్చున్నయామె చెంగు సవరింపవలెను, గడ్డము పట్టి యెత్తవలెను. పరపురుషుని కది పొసఁగని పని. కావున స్త్రీ నడపుట గోషాకే గాక వెలుఁగునకును అవసరమైనదనవచ్చును.

కలకత్తాలో 19వ శతాబ్దము ముగియు వేళకు సరోజినీ ఘోష్ మహిళా ఆర్ట్ స్టూడియోను స్వయముగా నడపెను. హైదరాబాదు చిత్రశాలకు యజమాని పేరే నిలిచినది. దీనదయాళు 1905లో గతించెను. ఆయన పేరిటి పటములకుఁ బట్టిక వ్రాయువారు, 1892కుఁ బిదపటి గోషాస్త్రీ చిత్రము కనఁబడినంతనే యది యాయన చేతిదని వ్రాసికొనరాదు. తీసిన చేయి వేఱొకతెది కావచ్చును.